మాచిపత్రి

తొమ్మిదో మెట్టు తుడుస్తుండగా జయకర్‌కి ఫినాయిల్ మీద అనుమానం వచ్చింది. బకెట్ మీదికి వంగి, మాస్కు కిందికి లాగి, గట్టిగా పీల్చి చూశాడు. ఏమీ లేదు. వట్టి నీళ్ళు. లాక్‌డౌన్ పేరు చెప్పి సరఫరావాళ్ళు సగానికి సగం నీళ్ళు కలిపేస్తున్నారన్నమాట. సోమవారం హాలు మేనేజరమ్మ చెవిన వేయాలి అనుకొని ఇంకో రెండు మూతలు ఒంపాడు. కళ్ళు మండాయి గాని వాసన మాత్రం రాలేదు.

పొద్దున్నించీ ఇదే వరస. ఇంట్లో ఫిల్టరు కాఫీ వేడినీళ్ళు తాగినట్టుంది. కాఫీపొడిలో ఏదో కలిపి అమ్ముతున్న కొట్టువాణ్ణి తిట్టుకున్నాడు. పెరట్లో షెడ్డు దగ్గర భార్య హెలెన్ వదిలిన యూనిఫాం సంచీని కర్రతో పక్కకి నెట్టి, దాని మీద కొట్టిన మందు కూడా నకిలీదేమోనని సీసా తిప్పి చదివాడు. ముక్కు మీద మాత్రం అతనికి అనుమానం రాలేదు. లోకంలో జయకర్ అనుమానించనివి రెండే రెండు. ఒకటి తన సొంత ఒళ్ళు, రెండోది ఆదివారం తనతోపాటు మోకరించే మనుషులు.

అతనికి అరవై ఒకటి. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. మీసానికి రంగు వేస్తాడు గాని కనుబొమలకి వేయడు, అందుకని ముఖంలో పైభాగం కిందిభాగం కంటే పదేళ్ళు పెద్దదిగా కనిపిస్తుంది. నడుముకి ఇరవైమూడు తాళంచెవుల గుత్తి. ఎడమ కాలు కొంచెం ఈడుస్తాడు. గుంటూరులో ఒక పొగాకు కంపెనీలో ఇరవైరెండేళ్ళు టైమ్‌కీపరుగా చేశాడు. ఒకడి బదులు ఇంకొకడు హాజరు కార్డు గుద్దితే, వెనక్కి తిరిగి ఉన్నా అడుగుల చప్పుడు విని పట్టేసేవాడు. కార్మికులు అతన్ని చూసి నోళ్ళు మూసుకునేవారు. పెళ్ళికీ పేరంటానికీ పిలిచేవాళ్ళు కాదు. నర్సు ఉద్యోగానికి ఐర్లండ్ వచ్చిన భార్య వెనకాలే నలభై అయిదో ఏట డ్రోహెడా చేరాడు. రెండేళ్ళు ఖాళీగా కూర్చుని, ఆ తర్వాత నది వైపు దిగే వీధిలోని ఈ పాత రాతి హాలుకి కేర్‌టేకరయ్యాడు. ఒకప్పుడు చర్చి. జనం తగ్గిపోతే నాటకాలకీ పాటలకీ ఇచ్చేశారు. కిటికీల రంగు అద్దాలు మాత్రం అలాగే ఉన్నాయి.

ఆదివారాలు ఆ హాలునే తెలుగువాళ్ళు అద్దెకు తీసుకుని ఆరాధన పెట్టుకునేవారు. కుర్చీలు వేసేదీ తీసేదీ జయకరే. పద్నాలుగేళ్ళలో అతన్ని పేరు పెట్టి, వెనక ‘బ్రదర్’ అని చేర్చి పిలిచినవాళ్ళు ఆ నలభై కుటుంబాలే. మార్చిలో హాలు మూతపడ్డాక ఆరాధన ఫోన్లోకి వెళ్ళిపోయింది. ఫోన్లో పాట ఒకరి నోట ముందు, ఒకరి నోట వెనక వస్తుంది. జయకర్ ఆ గందరగోళం భరించలేక ఫోను బోర్లించి పెట్టి ఒంటరిగా పాడుకునేవాడు.

ఇవాళ శనివారం, అక్టోబరు ముప్పై ఒకటి, హాలోవీన్, ఇక్కడివాళ్ళ దయ్యాల పండగ. సరిగ్గా ఇలాంటి రోజు చూసుకుని చావూ చీకటీ పాడే ఒక గోథిక్ రాక్ బృందం ఈ హాల్లో కచేరీ చేస్తోంది. శ్రోతలు ఉండరు. కెమెరాలు పెట్టి, సాయంత్రం ఆరింటికి ఇంటర్నెట్లో ప్రత్యక్షంగా చూపిస్తారట. బృందం పేరు ‘వార్మ్‌వుడ్ పారిష్’. ఈ మాట మేనేజరమ్మ చెప్పిన రోజునే జయకర్ వార్మ్‌వుడ్ అంటే ఏమిటో వెతికాడు. మాచిపత్రి. చిన్నప్పట్నించీ విన్న బైబిలు వాక్యంలో ఆకాశం నుంచి రాలిపడి, నదుల్ని చేదు చేసి, మనుషుల్ని చంపిన నక్షత్రానికి ఆ పేరే. అరవై దాటిన మనుషులు తెలిసి తెలిసి ఆ పేరు పెట్టుకున్నారంటే దాని వెనక ఏముందో అతనికి వేరే చెప్పక్కర్లేదు.

పాస్టర్ ప్రసన్న కుమార్ గారికి విషయం చెప్తే ఆయన ప్రార్థన చేసిన నూనె ఇచ్చాడు. గడపలకి రాయమన్నాడు, వాళ్ళతో కలిసి తినొద్దన్నాడు. జయకర్ తొమ్మిది గడపలకీ రాశాడు. ఆ నూనెలో ఎప్పుడూ మల్లెల వాసన ఉండేది. ఇవాళ లేదు. పాస్టర్ గారు అమాయకుడు, ఎవరో ఆయన్నే మోసం చేశారని జాలిపడ్డాడు.

పదకొండింటికి వాళ్ళ వ్యాను వచ్చింది. నలుగురు వాయించేవాళ్ళు, ఒక పాడే మనిషి, ఇద్దరు కెమెరావాళ్ళు. అందరూ నల్లబట్టలే. ఒకడి గిటారు పెట్టె అచ్చం శవపేటిక ఆకారంలో ఉంది. జయకర్ వాళ్ళని ఒకరి తర్వాత ఒకరిని గేటు బయటే నిలబెట్టి, చెయ్యి పొడుగ్గా చాపి, నుదుటికి థర్మామీటర్ గన్ను గురిపెట్టాడు. కచేరీ ఆపే అధికారం ఇవాళ అతని చేతిలోనే ఉంది. ఒక్కరికి ముప్పై ఎనిమిది డిగ్రీలు దాటినా అందర్నీ వెనక్కి పంపొచ్చు. దాటాలని మనసులో కోరుకున్నాడు కూడా. ముప్పై ఆరు. ముప్పై ఆరున్నర. శవపేటికవాడికి ముప్పై ఆరుంబావు. యంత్రం మీద నమ్మకం లేక రెండోసారి చూశాడు. మళ్ళీ అంతే. పుస్తకంలో ఒక్కొక్కరి పేరు, వేడి, వేళ రాసి, పై గడిలో తన పేరు రాసుకుని, దాని ఎదురుగా చూడకుండానే ముప్పై ఆరున్నర అని వేసేశాడు. ఏడు నెలలుగా రోజూ అంతే వేస్తున్నాడు.

పాడే మనిషి పేరు నోరీన్. అరవయ్యారేళ్ళు ఉంటాయి. వెండి ఉంగరాల చేతిలో కర్ర, కళ్ళ చుట్టూ దట్టంగా కాటుక. ఏడాది కిందట ఊపిరితిత్తుల్లో ఒక ముక్క కోసి తీశారని, ఇదే తన ఆఖరి కచేరీ కావచ్చని ఆమె గేటు దగ్గరే చెప్పింది. ఇంత జాగ్రత్త పడుతున్నందుకు థాంక్స్ అంది. జయకర్ తలూపి ఇంకో అడుగు వెనక్కి వేశాడు. రోగం కథ చెప్పి మనసు కరిగించడం పొగాకు కంపెనీలో అతను చాలాసార్లు చూశాడు.

ఆ తర్వాత మూడు నాలుగు గంటలు అతను వాళ్ళని కనిపెట్టుకుని తిరిగాడు. దగ్గరికి మాత్రం పోలేదు. వాళ్ళు వేదిక మీద ఉంటే తను హాలు చివర. వాళ్ళు హాల్లోకి దిగితే తను గుమ్మం బయట. వేదిక చుట్టూ వందకి పైగా కొవ్వొత్తులు నిలబెట్టారు. లెక్కపెట్టుకున్నాడు. ఒక పుర్రె కూడా తెచ్చారు, ప్లాస్టిక్‌ది. పొగ వదిలే యంత్రం పెడితే చాలు, జయకర్ పొడుగాటి కొక్కెం కర్ర పట్టుకొచ్చి కిటికీలన్నీ తెరిచేసేవాడు. నదిమీది చలిగాలి జివ్వున కొట్టింది. కోట్లు వేసుకునే డ్రమ్ములు సరిచేసుకున్నారు. ఒకటి రెండు కిటికీలు మూయమని శవపేటికవాడు బతిమాలాడు. రూలు ఒప్పుకోదన్నాడు జయకర్. టీ ఇస్తామన్నారు, వద్దన్నాడు. ఎండుద్రాక్షల హాలోవీన్ రొట్టె ముక్క కోసి బల్ల మీద పెట్టారు. దాని వంక కూడా చూడలేదు.

మధ్యాహ్నం తెచ్చుకున్న డబ్బా బయట మెట్ల మీద కూర్చుని తిన్నాడు. గోంగూర పచ్చడి, అన్నం. గోంగూర పులుపు ఎప్పుడో ఫ్రిజ్జులో చచ్చిపోయిందనుకున్నాడు. నడుము నొప్పిగా ఉంది. పొద్దుటి చలికి అయి ఉంటుంది. తింటుంటే గత ఆదివారం భోజనం గుర్తొచ్చింది. ఎవరింట్లోనూ నలుగురు చేరకూడదని రూలున్నా, పుష్పవతి గారు తమ ఇంట్లో ప్రార్థన పెట్టుకుందామని నెమ్మదిగా అందరికీ కబురు చేసింది. వెనకవీధిలో కార్లు ఆపి, పెరటి తలుపులోంచి ఒక్కొక్కరే వెళ్ళారు. తెరలు వేసి, ఏడు నెలల తర్వాత ఒకే గొంతుతో పాడారు. పాస్టర్ గారు ఒక్కొక్కరి తల మీదా చెయ్యి వేశారు. జయకర్ మాస్కు తీసి జేబులో పెట్టుకున్నాడు. మనవాళ్ళే కదా. వెళ్ళొస్తూ వెక్కి వెక్కి ఏడ్చాడు కూడా. హెలెన్‌తో మాత్రం హాల్లో బాయిలర్ చూడ్డానికి వెళ్ళానని చెప్పాడు. ఆసుపత్రి నుంచి ఆమె రోగం మోసుకొస్తుందని భయపడి చెప్పులు షెడ్డులో విడిపించి, ఆమె పక్క చిన్నగదిలో వేయించిన మనిషి, ఈ మాట చెప్పడానికి మొహం చెల్లక అబద్ధమాడాడు.

మూడున్నరకి నోరీన్ చిన్న బుట్ట పట్టుకుని కర్ర ఊతంతో వేదిక దిగింది. అప్పటికి ముఖానికి తెల్లరంగు పూసుకుంది. గుమ్మంలో నిలబడ్డ జయకర్‌ని చూసి మధ్యలోనే ఆగి, గొంతు పెంచి చెప్పింది. ఇది తమ బృందానికి ముప్పై అయిదేళ్ళ ఆచారమట. కచేరీకి వచ్చిన ప్రతి మనిషికీ గుమ్మంలో తన తోటలోని ఒక రెమ్మ ఇస్తారట. దీపాలు ఆర్పగానే అందరూ దాన్ని వేళ్ళతో నలుపుతారు, హాలంతా ఆ వాసన నిండాక మొదటి పాట.

"ఈసారి ఎవరూ రాలేదు. ఈ కప్పు కింద శ్రోతవంటే నువ్వొక్కడివే," అంది. కుర్చీ మీద ఒక రెమ్మ పెట్టి, వచ్చిన దారినే వెనక్కి నడిచింది.

ముట్టుకోకూడదనే అనుకున్నాడు జయకర్. కాని ఏదో చేతబడి వస్తువు తన హాల్లో కుర్చీ మీద ఎలా వదిలేయడం? దగ్గరికి వెళ్ళి వంగి చూశాడు. బూడిద పూసినట్టున్న ఆకు, అంచులు చీలికలు చీలికలుగా. అతని చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. ఆ ఆకు అతనికి తెలుసు. ఇదే కాకపోయినా దీని అక్కో చెల్లెలో. తెనాలి పూల బజార్లో తండ్రి దండలు కట్టేవాడు. రెండు కనకాంబరాలకి ఒక మాచిపత్రి రెమ్మ. తండ్రి వేళ్ళు సబ్బుతో తోమినా ఆ వాసన పోయేది కాదు, అన్నం కలిపి పెట్టినా ముద్దలో అదే. తండ్రి పోయాక ఆరేళ్ళ జయకర్ ఆయన లుంగీ మొహం మీద కప్పుకుని పడుకునేవాడు. వాక్యంలో ఉన్న మాచిపత్రీ, నాన్న చేతి మాచిపత్రీ ఒకటేనని అరవై ఒక్కేళ్ళలో ఒక్కసారీ అతనికి తట్టలేదు.

చేతి తొడుగు తీసేశాడు. రెమ్మ నలిపి, మాస్కు దించి, ముక్కుకి ఆనించుకున్నాడు. ఏమీ లేదు. మళ్ళీ నలిపాడు. లేదు.

"ఇది నిజం ఆకు కాదు. ప్లాస్టిక్," అన్నాడు వేదిక వైపు చూసి. నాన్నని ఎవరో అపహాస్యం చేసినట్టనిపించింది.

నోరీన్ బుట్టలోంచి ఇంకో రెమ్మ తీసి వాసన చూసి, వింతగా అతని వంక చూసింది. "గుర్రం కూడా కళ్ళు తిరిగి పడిపోతుందయ్యా ఈ ఘాటుకి. నాకు ఇక్కడికి కొడుతోంది నీ చేతిలోది."

జయకర్ ఆకు నోట్లో వేసుకుని నమిలాడు. ఎవరు మోసం చేసినా చేదు మోసం చెయ్యదు. నమిలి నమిలి పిప్పి చేశాడు. చేదు లేదు. ఏ రుచీ లేదు.

అప్పుడు కాఫీ గుర్తొచ్చింది. నూనె, ఫినాయిల్, గోంగూర గుర్తొచ్చాయి. పొద్దున్నించీ తను దొంగలన్న వాళ్ళంతా ఒక్కొక్కరే నిర్దోషులై ముందు నిలబడ్డట్టనిపించింది. జేబులోంచి థర్మామీటర్ గన్ను తీసి, ఏడు నెలల్లో మొదటిసారి తన నుదుటికి పెట్టుకున్నాడు. ముప్పై ఎనిమిది పాయింట్ రెండు. యంత్రం మీద నమ్మకం లేక రెండోసారి చూడాలనిపించింది. చూడలేదు.

మాట్లాడకుండా వెళ్ళిపోవచ్చు. తలనొప్పి అని చెప్పి ఇంటికి పోతే అడిగేవాళ్ళు లేరు. పోతే ఆదివారం సంగతి ఎవరికీ తెలియదు. చెప్తే పోలీసులు, పరువు, జరిమానా. తనని బ్రదర్ అని పిలిచే ఆ కొద్దిమందీ ఇక పిలవరు. గుమ్మం దాకా వెళ్ళి, బల్ల మీద పుస్తకం తెరిచాడు. తన పేరు ఎదురుగా తన చేత్తోనే వేసిన ముప్పై ఆరున్నర కనిపించింది. ఇరవైరెండేళ్ళు ఇంకొకరి కార్డు గుద్దినవాళ్ళని పట్టుకున్న మనిషి దాన్ని చాలాసేపు చూశాడు. ఎర్రపెన్నుతో కొట్టేసి, కొత్త అంకె వేసి, వేళ వేసి, సంతకం పెట్టాడు. చేతిలో మిగిలిన రెమ్మని ఆ పేజీలోనే పెట్టి మూశాడు. గుమ్మం బయటినుంచే నోరీన్‌ని పిలిచి, తనకి జ్వరముందనీ, వాసన పోయిందనీ చెప్పాడు.

వేదిక మీద అందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. నోరీన్ వేదిక అంచుకి వచ్చింది. పొద్దున్నించీ తమలో ఎవరి దగ్గరికి వచ్చావో ఆలోచించి చెప్పమంది. జయకర్ గంట గంటా గుర్తు చేసుకున్నాడు. గేటు దగ్గర చెయ్యి చాపి, బయటి గాలిలో. ఆ తర్వాత ఎవరికీ పది అడుగుల లోపుకి పోలేదు. టీ తాగలేదు. కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి.

"మమ్మల్ని పొద్దున్నించీ కుష్ఠురోగుల్లా చూస్తున్నావని వీళ్ళతో అంటూనే ఉన్నాను," అంది ఆమె. నవ్వబోయి నవ్వలేకపోయింది. "ఆ చూపే మమ్మల్ని కాపాడినట్టుంది. నువ్వు వెళ్ళి కూర్చో, నాయనా. మేం గ్రాండ్, మాకేం ఫరవాలేదు."

అతను తాళాలు ఎవరికైనా అప్పగించేదాకా ఆవరణ వదిలి పోకూడదు. మేనేజరమ్మ రావడానికి రెండు మూడు గంటలు పడుతుంది. కార్లో కూర్చుని హెలెన్‌కి ఫోన్ చేశాడు. ఆమె డ్యూటీకి బయల్దేరబోతోంది.

"వాసన ఎప్పట్నించి తెలీట్లేదండీ?" అంది అంతా విని.

"పొద్దున కాఫీ కాడ్నించి. కొట్టువాడు మోసం చేశాడనుకున్నా."

"ఆదివారం బాయిలర్ చూడ్డానికెళ్ళానన్నారు. నిజం చెప్పండి, ఎక్కడికెళ్ళారు?"

ముప్పైనాలుగేళ్ళ కాపురంలో ఇలాంటి ప్రశ్నలన్నీ అతనే అడిగాడు. జవాబు చెప్పడం ఎంత కష్టమో ఇవాళ తెలిసింది.

"పుష్పవతి గారింటికి. ప్రార్థనకి."

"ఎంతమంది?"

"పాస్టర్ గారితో పన్నెండు. వాళ్ళ పరువు పోద్ది హెలెనూ."

"పుష్పవతి గారికి డెబ్బై రెండు. పైగా షుగరు. ముందు ఆవిడకి చేస్తా. పేర్లు చెప్పండి, రాసుకుంటున్నా."

జయకర్ హాజరుపట్టీ చదివినట్టు ఒక్కొక్క పేరే చెప్పాడు. ఏ ఒక్కటీ మరిచిపోలేదు. హెలెన్ పట్టీ అంతా రాసుకుంది. తను డ్యూటీ మానేస్తున్నానని, చిన్నగదిలో పక్క తనదే గనక దుప్పటి మార్చి ఉంచుతానని, ఇవాళ్టినుంచి ఆ గది అతనిదని చెప్పింది. నిన్ను అన్యాయంగా షెడ్డు పాలు చేశానే అన్నాడు జయకర్. అదేం పట్టించుకోకుండా, దాహం వేస్తోందా, ఊపిరి బాగానే ఆడుతోందా అని అడిగింది ఆమె.

ఆరింటికి హాల్లో దీపాలు ఆరాయి. చీకట్లో రంగు అద్దాల కిటికీలు ముందు నల్లబడి, తర్వాత లోపలి కొవ్వొత్తుల వెలుగుకి మెల్లమెల్లగా ఎర్రగా, నీలంగా తేరుకున్నాయి. పొద్దున తను పంతం కొద్దీ తెరిచిన కిటికీల్లోంచి పాట ఆవరణలోకి వచ్చేసింది. మొదట బేస్ గిటారు, ఒకే మాట పదే పదే అంటున్నట్టు. దాని వెనక డ్రమ్ము. గిటారు సన్నగా, చలిగా పైకి లేచింది. తర్వాత నోరీన్ గొంతు. కేకలు ఉంటాయనుకున్నాడు జయకర్. కేకల్లేవు. మగవాడి గొంతంత లోతుగా, తొందర లేకుండా, చచ్చిపోయినవాళ్ళని కూర్చోబెట్టి మాట్లాడుతున్నట్టు పాడింది. ఊపిరి చాలక మధ్యమధ్య ఆగింది. ఆగిన ప్రతిసారీ మిగతావాళ్ళు అదే స్వరం మీద తిరుగుతూ ఆమె కోసం కాచుకున్నారు. పుష్పవతి గారు పాడలేక ఆగినప్పుడు తామూ అలాగే ఆగేవాళ్ళు. డ్రమ్ములవాడు ఒక చోట వెనకబడ్డాడేమోనని అతనికి అనుమానం వచ్చింది. అవును, వెనకబడ్డాడు. మళ్ళీ అందుకున్నాడు.

రెండో పాట అయ్యాక ఆమె మైకులో, ఇవాళ తమకి ఒకే ఒక్క శ్రోత ఉన్నాడనీ, అతను బయట కారులో ఉన్నాడనీ, తర్వాతి పాట అతనిదనీ చెప్పింది. జయకర్ అటూ ఇటూ చూసి, చూసేవాళ్ళు ఎవరూ లేరని నిర్ధారించుకుని, కారు అద్దం పూర్తిగా దించుకున్నాడు. పాట అయ్యేదాకా ఏడ్చాడు. మేనేజరమ్మ వచ్చాక తాళాల గుత్తి గోడ మీద పెట్టి, ఆమె దూరం నుంచి చెయ్యి ఊపితే తనూ ఊపి, కారు తిప్పుకుని వెళ్ళిపోయాడు.

హెలెన్ ఆ రాత్రే ఫోన్ చేయబట్టి పుష్పవతి గారిని సమయానికి ఆసుపత్రిలో చేర్చారు. ఆవిడ మూడు వారాలకి ఇంటికి వచ్చింది. పన్నెండు మందిలో ఏడుగురికి వచ్చింది. జయకర్ పేర్లు ఇచ్చాడని కొందరు గుర్రుగా ఉన్నారు, తర్వాత మానుకున్నారు. బృందంలో ఎవరికీ రాలేదు. జయకర్‌కి తొమ్మిదో రోజున ఆయాసం వచ్చింది. నవంబరు ఇరవైరెండున, ఆదివారం తెల్లవారుజామున, భార్య పనిచేసే ఆసుపత్రిలోనే, ఆమె పక్క వార్డులో డ్యూటీలో ఉండగా పోయాడు. పాతిపెట్టే దగ్గర పాతికమందికి మించి నిలబడనివ్వలేదు. దూరంగా రోడ్డు అవతల నల్లకోటు వేసుకుని కర్ర పట్టుకున్న ముసలావిడెవరో నిలబడి ఉండటం చూసి, ఆవిడెవరా అని అందరూ అనుమానంగా చూశారు.

జనవరిలో అతని సామాను తీసుకెళ్ళమని హాలు నుంచి కబురొస్తే హెలెన్ వెళ్ళింది. కోటు, కళ్ళజోడు, కడిగి బోర్లించిన అన్నం డబ్బా సంచీలో వేసుకుంది. గుమ్మం దగ్గర బల్ల మీద వేడి రాసే పుస్తకం ఉంది. అది హాలుది, తీసుకెళ్ళే వస్తువు కాదు. ఊరికే అతని చేతిరాత చూసుకుందామని తెరిచింది. ఎర్రసిరా గీత పక్కన, పొడిపొడిగా ఎండి బూడిదరంగుకి తిరిగిన చిన్న రెమ్మ ఇంకా ఘాటుగా వాసన వేస్తూనే ఉంది.